రొద్దంలో జపాను డైరెక్టరు

1960 నవంబరులో నన్ను హిందూపురం ప్రభుత్వ పట్టుపురుగుల ఫారానికి డెమాన్‌స్ట్రేటరుగా వేశారు. పట్టు శాఖలో డెమాన్‌స్ట్రేటరంటే రైతుల ఇళ్లకు సైకిలు మీద వెళ్లి, పురుగులకు ఆకు ఎట్లా వేయాలో, గది ఎట్లా ఆరబెట్టాలో, రోగం వస్తే ఏ తట్ట తీసి పారేయాలో చూపించే మనిషి. మాపైన ఇన్‌స్పెక్టరు, ఆయనపైన ఫారం సూపరింటెండెంటు, ఆపైన అసిస్టెంట్ డైరెక్టరు, అందరికీ పైన డైరెక్టరు. ఈ మెట్ల సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను చెప్పబోయే ఉదంతం డైరెక్టరు అనే ఒక్క మాటతో మొదలైంది.

మా సూపరింటెండెంటు రామసుబ్బయ్య గారు నెమ్మదైన మనిషి. అసిస్టెంట్ డైరెక్టరు పదవి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. నేను చేరిన తర్వాతి ఫిబ్రవరిలో ఆయనకు పై ఆఫీసు నుంచి తంతి వచ్చింది. జపాన్ డైరెక్టర్ ఆదివారం బెంగుళూరు బండిలో హిందూపురం వస్తున్నారు, పట్టు పెంపకం చూపించండి, అన్ని సౌకర్యాలూ కల్పించండి. అంతే.

పట్టు విషయంలో జపాను మాకు గురుపీఠం లాంటిది. మా పాఠ్యపుస్తకాల్లో సగం బొమ్మలు వాళ్ల దేశానివే. అక్కడి పట్టు శాఖ డైరెక్టరంతటి వాడు మా ఫారానికి వస్తున్నాడని తెలిసి ఆ వారమంతా మేం సున్నాలు కొట్టించాం, మైక్రోస్కోపులు తుడిపించాం, పటాలు తిరిగి రాయించాం. ఇబ్బందల్లా ఒక్కటే. మా ఫారంలోని పురుగులకు అంతకుముందే పాలరోగం తగిలింది. ఆ రోగం వస్తే పురుగు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి ద్రవం కారుతుంది. బతికించే మందు లేదు. తట్టలన్నీ పూడ్చిపెట్టించి, గదికి ఫార్మలిన్ కొట్టించి మూసేశాం. పటాలూ, ఎండిన గూళ్లూ చూపించి పంపించవచ్చని రామసుబ్బయ్య గారి ధైర్యం.

ఆదివారం పొద్దున హిందూపురం స్టేషనులో దండలతో నిలబడ్డాం. బండిలోంచి యాభై ఏళ్ల మనిషి దిగాడు. బక్కపలచని ఒళ్లు, నలిగిన చొక్కా, కాళ్లకు కాన్వాసు బూట్లు. ఆయన వెనక మరో ఇద్దరు జపానువాళ్లు ఇనుప పెట్టెలు దింపడం మొదలుపెట్టారు. పెట్టెలకు అంతు కనిపించలేదు. రామసుబ్బయ్య గారు దండ వేసి, తాను కంఠస్థం చేసుకున్న ఇంగ్లీషు ప్రశ్న అడిగారు. తమ ఆధీనంలో ఎన్ని జిల్లాలు ఉన్నాయి, ఎంతమంది సిబ్బంది ఉన్నారు? వచ్చినాయన వెనకనున్న ఇద్దర్నీ చూపించి, "నా కింద వీళ్లిద్దరే. ఒకరు కెమెరామన్, ఒకరు ఆయనకు సహాయకుడు" అన్నాడు.

ఆయన సినిమా డైరెక్టరు. పేరు తకెమూరా. జపానులోని పట్టు వర్తకుల సంఘం ఒకటి ఆసియా దేశాల పట్టు మీద చిన్న చిత్రం తీయమని ఆయనను పంపింది. రామసుబ్బయ్య గారి ముఖం చిన్నబోయింది. అయినా తంతిలో అన్ని సౌకర్యాలూ అని ఉంది కాబట్టి జీపులోకి ఎక్కించుకున్నారు. ఫారంలో పటాలన్నీ చూశాక తకెమూరా గారు, తనకు కావలసింది బతికున్న పురుగు గూడు కట్టుకోవడం అని, అదీ మొదటి పోగు నుంచి గూడు మూసుకునే దాకా అని మర్యాదగా చెప్పారు. వచ్చే ఆదివారానికి ఆయన బెంగుళూరు తిరిగి వెళ్లాలి. ఉన్నవి ఏడు రోజులు.

రామసుబ్బయ్య గారు నా వైపు చూశారు. నేను సందర్శన డైరీ తీశాను. ప్రతి డెమాన్‌స్ట్రేటరూ ఏ రైతు ఇంట్లో గుడ్లు ఎప్పుడు పొదిగాయో, పురుగు ఏ రోజు ఏ జ్వరంలో ఉందో అందులో రాసుకోవాలి. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు ఆకు మానేసి, కదలకుండా కూర్చుని, పాత చర్మం విడిచే సమయాన్ని మా వైపు జ్వరం అంటారు. అట్లాంటివి నాలుగు. నాలుగో జ్వరం లేచాక వారం పైన ఆబగా మేసి, ఉన్నట్టుండి మేత ఆపి, ఒళ్లు గాజులాగా తేటపడుతుంది. దాన్ని పండటం అంటాం. పండిన పురుగును సందులున్న వెదురు చాప మీద చుట్టలు చుట్టలుగా దడి కుట్టిన చంద్రిక అనే పరికరం మీదికి ఎక్కిస్తే, అక్కడ గూడు కట్టుకుంటుంది.

నా డైరీలో లెక్కకు సరిపోయిన ఇల్లు ఒక్కటే దొరికింది. రొద్దం పక్క పల్లెలో నంజమ్మది. ఆమె పురుగులు అంతకు ముందు గురువారం నాలుగో జ్వరం లేచాయి. ఆ చలికాలపు వాతావరణంలో పండటానికి ఎనిమిది రోజులు. శుక్రవారం పొద్దున పండుతాయని చెప్పాను. తకెమూరా గారు తలూపారు. రామసుబ్బయ్య గారు మాత్రం అప్పటికే అనంతపురంలోని ఒక పెద్ద అధికారికి ఫోను చేసి, బుధవారం వస్తే షూటింగు చూడవచ్చని మాట ఇచ్చేశారు.

సోమవారం మధ్యాహ్నానికి మేమంతా రొద్దం చేరుకున్నాం. కెమెరా వాళ్లకు బస పెనుకొండ ట్రావెలర్స్ బంగళాలో. అక్కడి నుంచి జనరేటరు లారీ కూడా వచ్చింది. నంజమ్మ పల్లెకు అప్పటికి కరెంటు లేదు.

నంజమ్మకు నలభై ఏళ్లుంటాయి. భర్త హనుమంతప్ప మల్బరీ తోట చూసుకునేవాడు, పురుగుల గది పెత్తనం అంతా ఆమెది. ఆ గదిలోకి కాళ్లు కడుక్కోకుండా నన్ను కూడా రానిచ్చేది కాదు. కెమెరామన్ ఆమె వసారాలో రెండు దీపాలు నిలబెట్టి వెలిగించాడు. నంజమ్మ దగ్గరికి వచ్చి, దీపం ముందు చెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"యేమప్పా సారూ, ఇది నా పురుగుల ముందర పెడతారా?" అంది నాతో. "పొయ్యిలో పెట్టినట్ల ఉండాది. పెట్టేకి లేదు."

రామసుబ్బయ్య గారు ఒక్క తట్ట ఇస్తే చాలన్నారు. ప్రభుత్వం పని అన్నారు. ఆమె కొంగు నడుముకు బిగించి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒగ తట్టకు వేడి తగిల్తే గదంతా తగుల్తాది. నెల దినాలు సాకినా. మీ సినిమా కోసరం నేను పోగొట్టుకోవల్లా?"

అప్పుడు రామసుబ్బయ్య గారు నన్ను పక్కకు పిలిచారు. దీపాల సంగతి తర్వాత చూద్దాం, ముందు గదిలో బొగ్గుల కుంపట్లు పెట్టించు, వేడికి పురుగు రెండు రోజులు ముందే పండుతుంది, బుధవారానికి అందుతుంది అన్నారు. ఆయన చెప్పింది తప్పు కాదు. వేడి పెంచితే పురుగు తొందరగా పండుతుంది. కాని కడుపు నిండకుండానే పండుతుంది. గూడు పలచగా కడుతుంది, దారం తీసేటప్పుడు తెగుతుంది. ధర్మవరంలో మా నాయన పట్టుచీరల మగ్గం నేసేవాడు. తెగే దారం మగ్గం మీదికి వస్తే మగ్గం గుంతలో కూర్చున్న మనిషికి ఎంత అవస్థో నేను పుట్టినప్పటి నుంచీ చూశాను. రోజుకు జానెడు నేయలేక ఆయన పోగులు ముడివేస్తూ కూర్చునేవాడు.

నా ఉద్యోగం అప్పటికి తాత్కాలికం. ప్రొబేషను పూర్తయినట్టు సంతకం చేయవలసింది ఆ రామసుబ్బయ్య గారే. అయినా, "కుంపట్లు పెట్టమని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇప్పించండి సార్, పెట్టిస్తాను" అన్నాను.  ఆయన కలం తీయలేదు. "శుక్రవారం అన్నావు. ఆ రోజు పండకపోతే సంజాయిషీ నువ్వే రాసుకో" అని జీపు దగ్గరికి వెళ్లిపోయారు.

తకెమూరా గారు ఏం గొడవ జరుగుతోందని అడిగారు. దాచడానికి నాకు ఇంగ్లీషు అంత బాగా రాదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన దీపాలు ఆర్పించి, జనరేటరును పెనుకొండకు తిప్పి పంపేయమన్నారు. కెమెరామన్ తమ భాషలో గట్టిగా వాదించాడు. తకెమూరా గారు మెల్లగా ఒక్క మాట చెప్పేసరికి ఊరుకున్నాడు. తర్వాత వసారా అరుగు మీద కూర్చుని, ఆ మాట వెనక ఉన్న కథ నాకు చెప్పారు.

ఆయన పుట్టింది కొండల మధ్య ఒక పట్టు పల్లెలో. తల్లి పురుగులు సాకేది. ఇంట్లో పై అంతస్తు పురుగులకు, కింది గది మనుషులకు. ఆయన కుర్రతనంలో పట్టు ధర పడిపోయి, ఊరంతా మల్బరీ చెట్లు పీకేసి కూరగాయలు వేసుకున్నారు. ఈయన పట్నం వెళ్లి సినిమా స్టూడియోలో చేరాడు. అక్కడ కూడా మా శాఖలో లాగానే మెట్లున్నాయి. నాలుగో అసిస్టెంట్ డైరెక్టరు కెమెరా ముందు క్లాప్ పలక కొట్టాలి, మూడోవాడు బట్టలూ సామానూ చూడాలి, రెండోవాడు గుంపుల్ని నడిపించాలి, మొదటివాడు షూటింగు రోజులు లెక్క కట్టాలి. మధ్యలో యుద్ధానికి పంపిన కాలం కలుపుకుని ఆయన పదకొండేళ్లు అసిస్టెంటుగానే ఉన్నాడు. ఆ మాట రామసుబ్బయ్య గారికి తర్వాత నేను చెబితే, ఆయన మొదటిసారి ఆ జపాను మనిషిని ఆదరంగా చూశారు.

డైరెక్టరయ్యాక రెండేసి వారాల్లో ఒక కత్తియుద్ధాల సినిమా చొప్పున తీశాడు. డబ్బులు వచ్చాయని కంపెనీ సంతోషించి, నీకు ఇష్టమైనది ఒకటి తీసుకో అంది. ఈయన పట్టు మిల్లులో పనిచేసే ఆడవాళ్ల కథ తీశాడు. అందులో తల్లి పురుగులు సాకే దృశ్యం ఒకటి ఉంది. స్టూడియో దీపాల కింద పురుగులు గంటసేపట్లో చచ్చిపోయాయి. షూటింగు ఆపితే నష్టమని, చచ్చినవాటినే వరసగా పేర్చి, దూదితో గూళ్లు చేయించి తీసేశారు. ఎవరూ గుర్తుపట్టలేదు. పత్రికలు ఆ దృశ్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాయి. ఆయన ఎంతో గర్వంగా తల్లిని ఊరి నుంచి పిలిపించి చూపించాడు. ఆమె బయటికి వచ్చి, "బాగుంది నాయనా. పురుగులు మాత్రం చచ్చినవి" అందట.

"కంపెనీతో తగాదా వచ్చి ఆ తర్వాత నేను బయటపడ్డాను. రైలు సొరంగాల మీద, ఓడల మీద చిన్న చిత్రాలు తీసి బతికాను. పోయిన కథాచిత్రాల గురించి నాకు చింత లేదు. ఆ ఒక్క దృశ్యం మళ్లీ తీయాలి. మా అమ్మకు ఎనభై ఏళ్లు" అన్నారు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఏ మార్పూ లేదు.

ఆ మాటలు నేను నంజమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె విని, ఆకు కోసే వేళ కావడంతో లోపలికి వెళ్లింది. తకెమూరా గారు బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని, ఆమెకు ఎదురుగా కూర్చుని కత్తిపీట అడిగారు. మల్బరీ ఆకుల్ని దొంతరగా పేర్చి, ఎడమచేత్తో అదిమిపట్టి, ఈనెలకు అడ్డంగా సమానమైన ముక్కలు కోశారు. చివరి తొడిమలు వేరుగా ఏరి పెట్టారు. నంజమ్మ తన పని ఆపి ఆయన చేతులు చూసింది.

"ఈయప్ప పురుగులు సాకినోడే" అంది నాతో. మళ్లీ తన పని అందుకుంటూ, "ఒగ చంద్రిక ఇస్తా. ఒగటే. దీపాలు వద్దు. ఎండ యెంత కావాలంటే అంత తీసుకోమను" అంది.

దీపాలు లేకుండా వసారా నీడలో పురుగును తీయాలంటే వెలుతురు ఎక్కడి నుంచో తేవాలి. మంగళవారం తకెమూరా గారూ నేనూ పెనుకొండ బజారులో తిరిగాం. క్షౌరశాలల్లో ఉండే పెద్ద నిలువుటద్దాలు మూడు అరువడిగాం. అద్దాలు ఇచ్చినవాళ్లు, "యాడికి తీసుకపోతాండారు? పురుగులకు క్షవరం చేసేకా?" అని నవ్వారు. శుక్రవారం సాయంత్రానికి తెచ్చిస్తామని మాట ఇచ్చి, అద్దాలను గడ్డిలో పేర్చి జీపులో తెచ్చాం. ముంగిట్లో ఎండను అద్దంతో పట్టి నేరుగా పురుగు మీద వేస్తే అదీ వేడే. అందుకని హనుమంతప్ప తెల్ల పంచెను వెదురు చట్రానికి బిగించి కట్టాం. అద్దం ఎండను పంచె మీద వేస్తే, పంచె నుంచి చల్లని వెలుగు వసారాలోకి వచ్చింది. నంజమ్మ ఆ వెలుగులో తన చెంప పెట్టి, చాలాసేపు ఉండి, "ఇది సరే" అంది.

బుధవారం అనంతపురం అధికారి వచ్చారు. పురుగులు ఇంకా ఆకు మేస్తూనే ఉన్నాయి. రామసుబ్బయ్య గారి నుదుటన చెమట. అధికారి ఎప్పుడు పండుతాయని అడిగితే ఆయన నా వైపు చెయ్యి చూపించారు. శుక్రవారం పొద్దున పది గంటల లోపల అన్నాను. అంత ఖచ్చితంగా ఎట్లా చెబుతావన్నారాయన. డైరీ చూపించాను. తేదీలు తిరగేసి, నాకు తిరిగి ఇచ్చి, టెంకాయ నీళ్లు తాగి వెళ్లిపోయారు. బుధవారం కోసం మేమంతా పడిన భయం పావుగంటలో తీరిపోయింది.

గురువారం మాత్రం నాకు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు దగ్గరపడినా పురుగుల ఒళ్లు ఇంకా మసకగానే ఉన్నాయి. మేత తగ్గలేదు. తట్ట తట్టకూ వంగి చూస్తుంటే నంజమ్మ విసుక్కుంది. "గమ్మునుండు సారూ. నువ్వు చూస్తాండావని అవి బిరీన పండవు." తకెమూరా గారు అరుగు మీద కూర్చుని కెమెరామన్‌తో కలిసి చిన్న కాగితం మీద బొమ్మలు గీసుకుంటున్నారు. పండకపోతే ఏం చేస్తారని అడిగాను. స్టూడియోలో ఉన్నప్పుడు ఎండ అంటే ఎండ, వాన అంటే వాన తెచ్చి పెట్టేవాళ్లు, అది చెడ్డ చదువు, ఇప్పుడు కాచుకోవడం నేర్చుకుంటున్నాను అన్నారు.

శుక్రవారం ఏడున్నరకు నేను పల్లె చేరేసరికి నంజమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది.

"రా సారూ, రా! పండినాయి. గదంతా పండినాయి!"

లోపలికి వెళితే, తట్టల్లో పురుగులు మేత వదిలి తలలెత్తి అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుగుకు ఎత్తాను. తేనె నింపిన గాజుగొట్టంలాగా అవతలి వేలు కనిపించింది.  ఆ గంటంతా ఇంటిల్లిపాదీ, వచ్చిన చుట్టుపక్కల ఆడవాళ్లూ పండిన పురుగుల్ని ఏరి చంద్రికల మీదికి వేస్తున్నారు. తకెమూరా గారి చంద్రికకు పురుగుల్ని నంజమ్మే ఎంచింది.

తొమ్మిదికి కెమెరా సిద్ధమైంది. అద్దాలు ముందునుంచి వెలుగు వేశాయి. పురుగులు మెల్లగా పాకి, ఒక్కొక్కటీ చంద్రిక దడికి అవతలి వైపు వెళ్లిపోయాయి. కెమెరా ముందు ఖాళీ వెదురు మిగిలింది. పురుగుల్ని ఇవతలకు పెట్టాం. మళ్లీ వెళ్లాయి. ఇట్లా మూడుసార్లు. పోగు ఒకసారి మొదలుపెట్టాక పురుగును కదిపితే దాని పట్టు వృథా. కెమెరామన్ ఓపిక నశించింది. నంజమ్మ ముఖంలో కోపం కనిపిస్తోంది.

అప్పుడు నాకు తట్టింది. మా శిక్షణలో నేర్పే మొదటి పాఠాల్లో అది ఒకటి. గూడు కట్టే పురుగు వెలుగుకు దూరంగా జరుగుతుంది. అందుకే చంద్రికల్ని నీడలో, అన్ని వైపులా సమానమైన వెలుతురులో పెట్టమని రైతులకు చెబుతాం. ఒకవైపు వెలుగు ఎక్కువైతే గూడు ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది. అంతమంది రైతులకు చెప్పిన నేను కెమెరా చూసేసరికి వెలుగు సంగతి ఆ పెద్ద పనివాళ్లకే వదిలేశాను, ఆ మాటే గుర్తు రాలేదు. తకెమూరా గారికి చెప్పాను. వెలుగును చంద్రిక వెనక పెట్టండి, కొంచెంగా పెట్టండి, పురుగు తానే మీ వైపు వస్తుంది.

ఆయన తానే పంచె చట్రాన్ని ఎత్తుకుని వెనక్కి మోసుకెళ్లారు.

పావుగంటలో పురుగులు ఇవతలికి వచ్చాయి. మాకు ఎదురుగా, కెమెరాకు మూరెడు దూరంలో, ఒక పురుగు తల ఎత్తి వెదురుకు మొదటి పోగు అంటించింది. వెనక వెలుగుకు దాని ఒళ్లంతా వెలిగింది. లోపల పట్టు నిండిన నాళం బంగారు తీగలాగా కనిపించింది. నోటి నుంచి వస్తున్న పోగు, ఏ దీపంతో తీసినా కనిపించనంత సన్ననిది, ఎండలో స్పష్టంగా మెరిసింది. కెమెరామన్ కెమెరా నుంచి కన్ను తీసి తకెమూరా గారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అంతసేపూ మూతి ముడుచుకున్న మనిషి నవ్వుతూనే ఉన్నాడు.

సాయంత్రం దాకా తీశారు. కాసేపు తీసి, కాసేపు ఆపి, ఎండ జరిగినప్పుడల్లా అద్దాలు జరిపించి. పురుగు తలను ఎనిమిది అంకెలాగా తిప్పుతూ పోగు మీద పోగు వేసింది. తొలుత మంచులాంటి పొర, తర్వాత పలచని గుడ్డ, చివరికి లోపల కదిలే నీడ మాత్రమే కనిపించే పసుపుపచ్చ గూడు. ఆ వేళకు రామసుబ్బయ్య గారు వచ్చి నా పక్కనే నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో చూడలేదు. "పది గంటల లోపలే పండినాయా?" అని అడిగారు. ఏడున్నరకే అన్నాను. నా డైరీ తీసుకుని, ఆ రోజు పేజీ మీద తనిఖీ చేసినట్టు సంతకం పెట్టారు. ఆయన పద్ధతిలో అది శభాష్ అనడమే.

శనివారం ధర్మవరంలో మా నాయన మగ్గం మీద చివరి దృశ్యం తీశారు. నాయన గుంతలోంచి తలెత్తి, "ఈయన సినిమాలో నన్ను మాట్లాడమంటాడా?" అని నన్ను అడిగాడు. వద్దు, నేయి చాలు అన్నాను. "అది మేలు" అని పని చూసుకున్నాడు. తకెమూరా గారు బయటికి వచ్చాక, మీ నాయన కెమెరా వైపు ఒక్కసారి కూడా చూడలేదు, నా దగ్గర పనిచేసిన నటుల్లో ఎవరికీ అది చేతకాలేదు అన్నారు.

చంద్రిక ఎక్కించిన ఆరో రోజున నంజమ్మ గూళ్లు విడిపించింది. షూటింగు జరిగిన చంద్రిక గూళ్లను నేను వేరుగా పెట్టించి ఫారంలో దారం తీయించి చూశాను. మిగతా గూళ్లకూ వీటికీ తేడా లేదు. దారం తెగలేదు. ఆ సంగతి నివేదికగా రాసి పైకి పంపాను. హిందూపురం మార్కెట్టులో ఆ రోజు వచ్చిన సరుకంతటిలో ఆమె గూళ్లకే పై ధర పలికింది. అక్కడున్న వ్యాపారులకు జపాను సినిమా సంగతి తెలియనే తెలియదు.

మరుసటి సంవత్సరం ఆ చిత్రం కాపీ ఒకటి మా శాఖకు వచ్చింది. హిందూపురం టాకీసులో ఒక మధ్యాహ్నం పట్టు రైతులకు ప్రత్యేకంగా వేశారు. వ్యాఖ్యానం ఇంగ్లీషులో. ఎవరికీ అర్థం కాలేదు, ఎవరికీ అక్కర్లేకపోయింది. గోడంత పురుగు తలెత్తి పోగు వేసేసరికి హాలంతా ఈలలు, చప్పట్లు. రొద్దం వాళ్లు బెంచీలెక్కి, "మన నంజమ్మ పురుగే!" అని అరిచారు. నంజమ్మ మాత్రం ముందుకు వంగి శ్రద్ధగా చూసి, నా భుజం తట్టి, "కుడిపక్క కింద చూడు సారూ, ఆ ఒగటి పండకముందే ఎక్కిచ్చినాం" అంది. చూశాను. నిజమే.

కాపీతో పాటు నా పేరున ఒక ఉత్తరం ఉంది. చిత్రానికి వాళ్ల దేశంలో బహుమతి వచ్చిందనీ, పాత కంపెనీయే మళ్లీ పిలిచి కథాచిత్రం ఇచ్చిందనీ తకెమూరా గారు రాశారు. చివర రెండు వాక్యాలు. "మా అమ్మ చూసింది. వీటికి ఆకు వేసింది ఎవరు, చెయ్యి మంచిది అంది." ఉత్తరాన్ని రొద్దం తీసుకెళ్లి నంజమ్మకు చదివి వినిపించాను. ఆమె రెండుసార్లు చదివించుకుంది.

ఆ ఏడాదే నా ప్రొబేషను పూర్తయినట్టు ఉత్తర్వు వచ్చింది. రామసుబ్బయ్య గారు అసిస్టెంట్ డైరెక్టరుగా వెళ్లారు. తర్వాత నేను కూడా ఇన్‌స్పెక్టరునై, సూపరింటెండెంటునై, ఎందరో కొత్త డెమాన్‌స్ట్రేటర్లకు శిక్షణ ఇచ్చాను. వాళ్లకు చెప్పినవి రెండే. పై అధికారి ఏ తేదీ అడిగినా, పురుగును చూసి, డైరీ చూసి, ఆ రెండూ చెప్పిన తేదీయే చెప్పాలి. పనికి వచ్చే విషయం మనకు తెలిసి ఉంటే, ఎదుటివాడు ఎంత పెద్ద పనివాడైనా, అడిగేదాకా ఆగకుండా చెప్పాలి. నేను వెలుగు సంగతి మొదటే చెప్పి ఉంటే ఆ శుక్రవారం గంటన్నర ఎండ వృథా అయ్యేది కాదు.